మా నాన్న వేటకెళ్తాడు

ఉప్పాడ,
డిసెంబరు 8.

పిన్నికి సాయిదుర్గ నమస్కారాలు పెట్టి రాస్తున్నది. పెట్టానో లేదో నీకు కనబడదు కాబట్టి నమ్మాలి.

కార్తీకమాసంలో మా ఇంటికొచ్చినప్పుడు నువ్వన్న మాట మరిచిపోలేదు. జన్మలో ఒక్క ఉత్తరమూ రాయని పిల్లలు పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో ఉత్తరం ప్రశ్నకి ఏం రాస్తారే, ముందు నాకు తెలుగులో రాయడం మొదలుపెట్టు, పోస్టులోనే పంపు అన్నావు. కవర్లు కూడా కొనిచ్చి మీ జంగారెడ్డిగూడెం బస్సెక్కావు. ఫోన్లో అయిపోయేదానికి ఈ చాదస్తమేంటని అమ్మ నవ్వింది. కానీ మాట్లాడుకోడానికి మా ఇంట్లో ఫోనేదీ? నాన్నది నాన్నతోపాటు పడవెక్కి పోతుంది. అమ్మది చేపల బేరాలకే చాలదు.

జవాబు రాసేటప్పుడు కవరు మీద ఇంటి నెంబరు వెయ్యకు. ఆ నెంబరున్న గోడ మొన్నటి తుఫానుకి సముద్రంలోకి పోయింది. వీరబాబు గారి కూతురు అని రాస్తే పోస్టుమాన్ అప్పాజీ గారే తెచ్చిస్తారు.

ఇక అసలు సంగతి. హాఫ్ ఇయర్లీ పేపర్లు ఇచ్చారు. ఇంగ్లీషులో నాకు వందకి ముప్పై ఒకటి. మిగతావన్నీ పాసు, లెక్కల్లో డెబ్బై నాలుగు. ఇంగ్లీషులో మీ నాన్న చేసే పని గురించి రాయమన్నారు. నేను "మై ఫాదర్ గోస్ టు హంటింగ్ ఇన్ ద సీ" అని మొదలుపెట్టి పేజీ నిండా రాశాను. లోకనాథ్ మాస్టారు ఆ వాక్యాన్ని పైకి చదివి, "మీ నాన్న సముద్రంలో ఏం వేటాడతాడమ్మా, పులుల్నా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది మాస్టారి మీద కాదు, నవ్విన వాళ్ళ మీద. ఆ నవ్వినవాళ్ళలో సగంమంది నాన్నలు పొద్దున్నే వేటకెళ్ళినవాళ్ళే. ఇళ్ళలో వేట అనే అంటారు. ఆ రోజు నుంచి బళ్ళో నా పేరు హంటింగ్.

పైగా నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారు. అక్కడున్న పద్నాలుగు మందికీ రెండే ఉత్తరాలు, ఒకే పేరా, కొన్ని గ్రామరు బిట్లు. బట్టీ కొడితే నలభై మార్కులు గ్యారంటీ అట. సొంతంగా ఒక్క వాక్యం కూడా రాయొద్దు, రాస్తే తప్పే వస్తుందని మాస్టారి హుకుం.

ఇంగ్లీషు తప్పితే కాకినాడలో ఇంటరూ లేదు, గింటరూ లేదు, నాతోపాటు చేపల బుట్టెత్తుకో అంటోంది అమ్మ. బుట్టెత్తుకోవడానికి నాకు సిగ్గు లేదు పిన్నీ. కానీ ఓడిపోయి ఎత్తుకోను.

నువ్వు ఇంగ్లీషు టీచరువి, మా ఊళ్ళోనే పుట్టావు. చెప్పు, నేను రాసింది తప్పా?

నీ అక్క కూతురు,
సాయిదుర్గ

*

జంగారెడ్డిగూడెం,
డిసెంబరు 17.

చిరంజీవి దుర్గకు పిన్ని నూకరత్నం ఆశీస్సులు.

నీ ఉత్తరం స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. ప్యూను దాన్ని చేతిలో పట్టుకుని అందరికీ చూపించాడు, స్టాంపు అంటించిన కవరు చూసి ఎన్నాళ్ళయిందో అని. చదివాక మాత్రం నాకు నవ్వు రాలేదు.

ముందు నువ్వడిగిన దానికి జవాబు. తప్పే అమ్మలూ. ఇంగ్లీషులో హంటింగ్ అంటే తుపాకీనో బాణమో పట్టుకుని అడవిలో జంతువుల వెంటపడటం. చేపలకైతే ఫిషింగ్ అనాలి. చిన్న మాట, ఒకటో తరగతి మాట. మనం ఇంట్లో ఏమంటామన్నది పేపరు దిద్దేవాడికి అక్కర్లేదు. అలాగని ఒక పిల్ల తప్పుని నలుగురిలో చదివి నవ్వించడం ఏ మాస్టారికీ తగదు. అది ఆయన తప్పు. రెండు తప్పులూ వేర్వేరు, కలపకు.

మీ మాస్టారిని తిట్టేముందు ఒక్క మాట విను. నా దగ్గర పదో తరగతిలో అరవై రెండు మంది ఉన్నారు. పోయినేడు పదకొండు మంది ఇంగ్లీషులో తప్పారు. మీటింగులో నన్ను లేపి నిలబెట్టి కారణం చెప్పమన్నారు. పదిహేడేళ్ళ సర్వీసులో అలా నిలబడటం అదే మొదలు. తల దించుకున్నాను. ఇప్పుడు ఆదివారాలు కూడా స్పెషల్ క్లాసులు. సాయంత్రం వదిలేసరికి పామాయిల్ తోటల పక్కన బస్సు కోసం గంట నిలబడుతున్నాను. పిల్లలకు పరీక్ష మార్చిలో ఒక్కసారే. మాకు ఏడాది పొడుగునా. మీ లోకనాథ్ మాస్టారి భయం నాకు తెలుసు.

అందుకని చెబుతున్నాను. ఆయన ఇచ్చిన ఆ రెండు ఉత్తరాలూ నేర్చుకో. ఫిషింగ్ అని రాయి. నీ వాదన నీ దగ్గరుంచుకుని ముందు మార్కు తెచ్చుకో. గెలిచాక ఎంతైనా వాదించవచ్చు.

అక్కతో చెప్పు, ఎండు రొయ్యలు అయిపోయాయి. మీ బాబాయి రోజూ గుర్తుచేస్తున్నారు.

ప్రేమతో,
పిన్ని

*

ఉప్పాడ,
జనవరి 3.

పిన్ని గారికి,

గారు అని ఎందుకు రాశానో నీకు తెలుసు.

నువ్వు మా ఊరి మనిషిలాగా చెబుతావనుకున్నాను. అచ్చం ఇంగ్లీషు టీచరులాగా చెప్పావు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఒకటో తరగతి మాట నాకు తెలియక కాదు. ఫిషింగ్ అని నాకు తెలుసు. ఫిషింగ్ హార్బర్ అని ఇంతింత అక్షరాలతో బోర్డుంటుంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ మాట నాన్నకి సరిపోదనే వేరేది రాశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాన్న ఇంట్లోనే ఉన్నాడు, గాలి బాగా లేదని ఎవరూ వెళ్ళలేదు. వల బాగుచేసుకుంటుంటే అడిగాను, మనం చేపలు పట్టడం అనకుండా వేట అని ఎందుకంటామని. నాన్న తెగిన వల కన్నొకటి ముడేశాడు. "పట్టడం చెరువులోనమ్మా. భీమవరం వైపు చెరువులకాడ పట్టుబడి అంటారు చూడు. అవి వాళ్ళు పెంచినయ్యే, యాడికీ పోవు. సముద్రంలో ఉన్నయ్యి మనం పెంచినయ్యా? దొరుకుద్దో దొరకదో, మనం తిరిగొత్తామో రామో. అదీ వేటంటే" అన్నాడు.

ఇప్పుడు చెప్పు. ఫిషింగ్ అన్న మాటలో ఇదంతా ఉందా? మా నాన్న చెరువు గట్టు మీద కూర్చుని గాలం వేస్తాడనుకుంటారు అది చదివినవాళ్ళు.

మాస్టారి రెండు ఉత్తరాలూ చూశాను. వాటి మొహం చూడాలన్నా నాకు ఒళ్ళు మండుతోంది. ఇక నేను ఇంగ్లీషు ఉత్తరం రాయను. రాయనుగాక రాయను. ఏమైతే అదవుతుంది. బుట్ట ఉండనే ఉంది.

రొయ్యలు అమ్మ పంపుతుంది. నేను పంపడం లేదు.

ఇట్లు,
హంటింగ్

*

జంగారెడ్డిగూడెం,
జనవరి 10.

దుర్గా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. నిలబడే రాస్తున్నాను, కూర్చునే ఓపిక కూడా లేదు.

ఏమనుకుంటున్నావే నువ్వు? కోపం వస్తే అన్నం మానేస్తారు, అదీ ఒక్క పూట. పరీక్ష మానేస్తానంటారా? మన ఇంట్లో పదో తరగతి దాటిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. నా తరవాత నువ్వని అందరికీ చెప్పుకు తిరుగుతున్నాను. ఒక్క మాట కోసం పదేళ్ళ చదువుని సముద్రంలో పారేస్తావా? ఇంగ్లీషు పరీక్షకి వెళ్ళకపోతే పదో తరగతి మొత్తం పోయినట్టే, లెక్కల్లో నీ డెబ్బై నాలుగు గాలికి పోతుంది.

నీకు చెప్పి లాభం లేదని అక్కకి ఫోన్ చేసి చెప్పేశాను. అది నీ మంచికే. నన్ను తిట్టుకో, ఫరవాలేదు. కానీ పరీక్ష రాయి.

పిన్ని

*

ఉప్పాడ,
జనవరి 21.

పిన్నీ,

నేను పరీక్ష రాయనని ఎప్పుడన్నాను?

నా ఉత్తరం మళ్ళీ తీసి చదువు. ఇంగ్లీషు ఉత్తరం రాయనన్నాను. ఉత్తరం. మాస్టారిచ్చిన ఆ బట్టీ ఉత్తరం. నువ్వు పదిహేడేళ్ళుగా పిల్లలకి ప్యాసేజీలిచ్చి "చదివి అర్థం చేసుకుని జవాబులు రాయండి" అంటున్నావు. నా నాలుగు వాక్యాలు చదివి అర్థం చేసుకోలేకపోయావు.

నీ ఫోను పుణ్యమా అని ఏం జరిగిందో విను. పరీక్ష రాయనిదానికి బడెందుకని అమ్మ నన్ను రెండు రోజులు బడి మాన్పించింది. మర్నాడు పొద్దున్నే బుట్టిచ్చి పిఠాపురం తీసుకుపోయింది. దారిలో ఎవరు పలకరించినా, మా పిల్ల ఇంగ్లీషుతో దెబ్బలాడి వచ్చేసిందండీ అని చెప్పింది. బస్టాండు దగ్గర మాస్టారే కనబడ్డారు. నా నెత్తి మీద బుట్ట చూసి పక్కకు తిరిగారు. అలా తిరిగినందుకు ఆయన మీద జాలేసింది. నీ మీద వెయ్యలేదు.

మూడో రోజు నేను బుట్ట దించి, హాల్ టికెట్టుకిచ్చిన ఫోటో చూపించి, అమ్మని కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను. అమ్మమ్మ కూడా వింది. విని, "నూకరత్నం చిన్నప్పుడూ ఇంతేనమ్మా. చెప్పింది సగం వినేది, పరిగెత్తేది" అంది. మీ అమ్మే అంది, నేను కాదు.

ఆ బట్టీ ఉత్తరం ఎందుకు రాయనో కూడా చెబుతాను. అందులో నేను హాస్టల్లో ఉంటాను. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని నాన్నకి రాస్తాను. ఎక్స్‌కర్షన్‌కి పర్మిషన్ అడుగుతాను. పద్నాలుగు మందిమీ అదే హాస్టల్లో ఉంటాం, అదే ఎక్స్‌కర్షన్‌కి వెళ్తాం, అందరి నాన్నకీ అదే ఉద్యోగం. మా నాన్నకి ఉత్తరం రాస్తే ఏ పోస్టు డబ్బాలో వెయ్యాలి, అలల్లోనా? పోనీ అది అబద్ధమని కాదు నా బాధ. సొంతంగా ఒక్క వాక్యం కూడా రాయలేని దానివి అని నా మొహాన రాసినట్టుంది ఆ కాగితం. ముప్పై ఒకటి నేను రాసుకున్న మార్కులు. ఆ నలభై నావి కావు.

ఉత్తరంలో రాసింది ఉత్తరంలోనే ఉండాలి. మళ్ళీ ఫోన్ చేసి చెప్పావంటే నీకు నిజంగానే రాయను.

సాయిదుర్గ

*

జంగారెడ్డిగూడెం,
ఫిబ్రవరి 9.

నా బంగారుతల్లి దుర్గకు,

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం పని కాదు. మొహం చెల్లక.

నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నువ్వు చెప్పింది నిజం. ఉత్తరం అనే ఉంది. ఆ మాట మీద నుంచి నా కళ్ళు దూకేశాయి. బుట్ట నీ నెత్తిన పెట్టించింది నేనే. క్షమించు. అమ్మ అన్న మాట కూడా నిజమే, ఆ సంగతి ఆవిడకి చెప్పక్కర్లేదు.

ఇంకోటి కూడా నీకు చెప్పాలి. దీన్ని మీ బాబాయికి కూడా చెప్పలేదు. పోయిన సంవత్సరం నా క్లాసులో అశ్విని అని ఒక పిల్ల, వాళ్ళమ్మ పొగాకు పనికి వెళ్తుంది. సీజన్లో ఆడవాళ్ళు ఆకు ఆరబెట్టే బేరన్ కొట్టం దగ్గర కూర్చుని పచ్చాకుని కర్రలకి వరసగా దారంతో కడతారు. ఇక్కడ దాన్ని ఆకు అల్లడం అంటారు. ఆ పిల్ల పేపర్లో "మై మదర్ నిట్స్ టొబాకో" అని రాసింది. నేను స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపించి, పొగాకుతో స్వెట్టర్ అల్లుతుందట అన్నాను. అందరూ నవ్వారు. నేనే ఎక్కువ నవ్వాను. తలుపు దగ్గర అశ్విని నోటుపుస్తకాల కట్టతో నిలబడి ఉంది. పుస్తకాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తరవాత క్లాసులో ఎప్పుడూ చెయ్యెత్తలేదు.

నీ మొదటి ఉత్తరంలో మీ మాస్టారి గురించి చదువుతున్నప్పుడు నాకు ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది. అందుకే గబగబా ఆయన తప్పు ఆయనది అని రాసి పక్కకు తప్పుకున్నాను. మొన్న సోమవారం ఇప్పుడు ఇంటరు మొదటి ఏడాది చదువుతున్న అశ్విని ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడిగాను. టీచర్లు అలా అడుగుతారని ఆ పిల్లకి తెలియక కంగారుపడింది. వాళ్ళమ్మ నాకు మజ్జిగిచ్చి, అల్లడమంటే ఏమిటో చేత్తో చేసి చూపించింది. పదిహేడేళ్ళు ఆ బేరన్ల పక్కనుంచే బస్సులో వెళ్ళాను దుర్గా, ఒక్కసారి కూడా దిగి చూడలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి మళ్ళీ జవాబు రాస్తున్నాను. ఇంగ్లీషులో హంటింగ్ తప్పు. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ తప్పులు రెండు రకాలు, తెలియక చేసేది ఒకటి, ఎక్కువ తెలిసి చేసేది ఒకటి. నీది రెండోది. నీకు తెలిసినదానికి వాళ్ళ భాషలో మాట లేదు. మాట లేనప్పుడు ఏం చెయ్యాలి? నోరు మూసుకోమని మీ మాస్టారంటున్నారు, నేనూ అన్నాను. అది జవాబు కాదు.

పేపరు దిద్దేవాళ్ళ సంగతి చెబుతాను. రోజుకి నలభై పేపర్లు, ఎండ, పైన తిరగని ఫ్యాను. నీ వాక్యం దగ్గర ఆగి, ఈ పిల్ల ఏం చెప్పాలనుకుందో అని ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. నా కళ్ళే నీ తెలుగు ఉత్తరం మీద నుంచి దూకేశాయి, ఇక వాళ్ళ సంగతి చెప్పేదేముంది. కాబట్టి నీ మాట నువ్వు రాయి, కానీ ఆ పక్కనే ఇంకో వాక్యంలో దాని అర్థం కూడా నువ్వే చెప్పు. వాళ్ళని వెతుక్కోనివ్వకు. అలలతో దెబ్బలాడాలన్నా ముందు తెడ్డు పట్టడం రావాలి. దానికి గ్రామరు కావాలి. రోజుకి ఒక్క పేరా సొంతంగా రాసి మాస్టారికి చూపించు. ఆయన కొట్టేస్తే మర్నాడు మళ్ళీ రాయి.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండించి చూపించు.

నీ చేత తిట్లు తిన్న
పిన్ని

*

ఉప్పాడ,
మార్చి 23.

పిన్నికి,

ఇంగ్లీషు అయిపోయింది. ఇంకా సైన్సూ సోషలూ ఉన్నాయి, అందుకే ఇది పొట్టి ఉత్తరం.

నువ్వు చెప్పినట్టే రోజూ ఒక పేరా రాశాను. మొదట్లో మాస్టారు చూడనన్నారు. నేను రోజూ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళేదాన్ని. నాలుగో రోజు నుంచి ఎర్రసిరా కనబడింది. ముప్పై రెండు పేరాలయ్యాయి. చివరి వాటిలో ఎర్రసిరా నా సిరా కన్నా తక్కువ. ప్రీఫైనల్లో నలభై ఆరు వచ్చింది, అన్నీ నావే.

అయినా బట్టీ ఉత్తరం రాయనంటే మాస్టారికి నిద్ర పట్టలేదట. "నువ్వొక్కదానివి తప్పితే నాకు ఒకటి తగ్గుతుంది. ఆ ఒకటి నన్ను మీటింగులో నిలబెడుతుంది" అని ఒకరోజు నాతోనే అనేశారు. "నిలబెడితే నా పేరు చెప్పండి మాస్టారూ" అన్నాను.

పరీక్ష రోజు సెంటరు గేటు దగ్గర పెన్నుల పెట్టెతో నిలబడ్డారు. అందరికీ తలా ఒకటి ఇచ్చారు. నాకిచ్చేటప్పుడు, "నీ ఇష్టమొచ్చినట్టే రాయమ్మా. అర్థమయ్యేలా రాయి" అన్నారు. హంటింగ్ అనలేదు, సాయిదుర్గా అన్నారు.

స్నేహితురాలిని సెలవలకి మీ ఊరు పిలుస్తూ ఉత్తరం రాయమన్నారు. ఏం రాశానో ఇప్పుడు చెప్పను, నువ్వు చదివి ఫోన్ చేస్తావేమోనని భయం. రిజల్టు వచ్చాక చెబుతాను.

బయటికొచ్చాక చెయ్యి నొప్పి పెట్టింది. బాగా అనిపించింది.

నీ
దుర్గ

*

జంగారెడ్డిగూడెం,
ఏప్రిల్ 24.

దుర్గా, నా తల్లీ,

ఇంగ్లీషులో యాభై ఎనిమిది! నిన్న అక్క ఫోన్లో చెప్పింది. చెప్పింది అనడం కంటే అరిచింది అనాలి. అంతా పాసు, మీ మాస్టారి పద్నాలుగు మందిలో పదమూడు మంది గట్టెక్కారట. మీ బాబాయి జీడిపప్పు పాకం చేయించమన్నారు, ఈసారి ఎండు రొయ్యలకి బదులుగా.

ఇప్పుడు రిజల్టు వచ్చేసింది కాబట్టి నీకొక సంగతి చెప్పవచ్చు. ఇది కూడా ఉత్తరంలోనే ఉండాలి.

నాకు స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడింది. ఎక్కడెక్కడి పేపర్లు వస్తాయో తెలియదు, నెంబర్లే గానీ పేర్లుండవు. మూడో రోజు మధ్యాహ్నం ఒక పేపరు వచ్చింది. స్నేహితురాలికి ఉత్తరం. అందులో "మై ఫాదర్ విల్ టేక్ యు టు హంటింగ్ ఇన్ ద సీ" అని ఉంది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

నీ చేతిరాతేనా అని చూశాను. అప్పుడు తెలిసింది, నీ ఇంగ్లీషు రాత నేనెప్పుడూ చూడలేదని. నాలుగు నెలలు నీచేత తెలుగులోనే రాయించాను కదా. అది నువ్వే అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. మిగతా పేపరు అంతంతమాత్రం. ఇది నువ్వైతే తప్పుతావేమోనని భయం వేసింది.

ఆ ఉత్తరానికి ఐదు మార్కులు వేశాను. మొత్తం ముప్పై ఆరు. మా బల్లకి చీఫ్ చంద్రరావు గారు, ముప్పై ఏళ్ళ సర్వీసు, చెడ్డమనిషి కాదు. ఆయన చూసి, ఇది అర్థం లేని వాక్యం, ఉత్తరానికి రెండు వెయ్యండి చాలు అన్నారు. అంటే ముప్పై మూడు. పాస్ మార్కు ముప్పై ఐదు.

వెయ్యనన్నాను. ఎందుకని అడిగారు. "దానికి అర్థం ఉందండి. మీకు తెలియలేదు, అంతే. మనకు తెలియనిదల్లా పిల్ల తప్పు ఎలా అవుతుంది?" అన్నాను. నా గొంతు హాలంతా వినబడింది. పది బల్లల వాళ్ళు తలలెత్తారు. ఆయన మొహం ఎర్రబడింది. ఆ పేపరూ నేనూ కలిసి క్యాంప్ ఆఫీసరు శ్యామలాంబ గారి ముందుకి వెళ్ళాం.

ఆవిడకి నేను వేటంటే ఏమిటో చెప్పాను. బావ నీకు చెప్పిన మాటలే చెప్పాను, చెరువూ పట్టుబడీ, తిరిగొస్తామో రామో. ఆవిడ పేపరు రెండుసార్లు చదివారు. నన్ను చూసి, "ఈ పేపరు ఎవరిదో మీకు తెలుసా టీచర్?" అని అడిగారు. తెలియదండి అన్నాను. అది నిజం. కానీ పూర్తిగా నిజమా?

మార్కులు ఐదూ ఉంచారు. హాల్లో గొంతు పెంచి పై అధికారిని ఎదిరించినందుకు నాకు మెమో ఇచ్చారు. పదిహేడేళ్ళ సర్వీసులో మొదటిది. ఈసారి తల దించుకోలేదు.

కానీ అప్పటి నుంచీ ఒక్కటే తొలుస్తోంది. నేను ఆ పిల్ల కోసం దెబ్బలాడానా, నా అక్క కూతురి కోసం దెబ్బలాడానా? రెండోదైతే నేను చేసింది న్యాయం కాదు, పక్షపాతం. నీకు యాభై ఎనిమిదని తెలిశాక ఆ ముప్పై ఆరు నీది కాదని లెక్క తేలిపోయింది. అయినా అప్పుడు నా మనసులో ఉన్నది నువ్వే కదా. ఆ మాట ఎవరికి చెప్పుకోను?

నువ్వేం రాశావో ఇప్పుడైనా చెప్పు.

మెమో తిన్న
మీ పిన్ని

*

ఉప్పాడ,
మే 2.

ప్రియమైన పిన్నికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీలాగా దూకకుండా.

ముందు నేను రాసింది చెబుతాను. హంటింగ్ అని రాయలేదు. ఫిషింగ్ అనీ రాయలేదు. "మై ఫాదర్ గోస్ ఫర్ వేట" అని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. కింద, నువ్వు చెప్పినట్టే, దాని అర్థం రాశాను. వేట అంటే నీళ్ళలోకి వెళ్ళడం, ఏం దొరుకుతుందో తెలియకుండా, తిరిగి వస్తామో తెలియకుండా, అయినా రేపు మళ్ళీ వెళ్ళడం. ఇంగ్లీషులో దీనికి మాట ఉంటే నాకు రాసి పంపు అని ఆ స్నేహితురాలిని అడిగాను. నువ్వు వచ్చేసరికి వేట ఆపేసే రెండు నెలలు వస్తాయి కాబట్టి మా నాన్న ఇంట్లోనే ఉంటాడు, ఆయన చేతి పులుసు తినవచ్చు అని ముగించాను. ఎవరు దిద్దారో, ఎన్ని వేశారో తెలియదు. కొట్టెయ్యలేదని మాత్రం తెలుసు.

లోకనాథ్ మాస్టారికి కూడా ఇదే చెప్పాను. మా పద్నాలుగు మందిలో తప్పింది రాజ్ కుమార్ ఒక్కడే. బట్టీ ఉత్తరంలో నాన్నకి బదులు స్నేహితురాలి పేరు పెట్టి, మిగతాదంతా అదే రాసేశాడట, ఎక్స్‌కర్షన్‌తో సహా. జూన్‌లో సప్లిమెంటరీ ఉంది. వాడిని రోజూ ఒక పేరా సొంతంగా రాసి తెమ్మన్నారు మాస్టారు. వాడు రాస్తుంటే నేను పక్కన కూర్చుంటున్నాను.

ఇప్పుడు నిన్ను తొలుస్తున్న సంగతి. నాన్నకి ఉత్తరం చదివి వినిపించాను. ఉత్తరంలో ఉండాల్సినదే, కానీ మా ఇంట్లో వేట గురించి ఎవరు దెబ్బలాడినా నాన్నకి తెలియాలి. ఇప్పుడు వేట నిషేధం కదా, పడవ ఒడ్డు మీదుంది, నాన్న రోజంతా వల ముందే కూర్చుంటున్నాడు. అంతా విన్నాడు. మెమో అంటే ఏమిటని అడిగాడు, చెప్పాను. నీ అనుమానం కూడా చెప్పాను, నువ్వు తలచుకున్నది నన్నే, పేపరేమో వేరే పిల్లదని.

నాన్న వల పక్కన పెట్టాడు. "మీ పిన్నికి రాయి. ఏ చేప కోసం వలేసినా, ఆ చేపే పడుద్దా? ఇంకోటి పడుద్ది. పడినాక నిన్ను తలుచుకోలేదు, పో అని దాన్ని ఇసిరేత్తామా? చల్లగా ఇంటికి తెచ్చుకుంటాం" అన్నాడు.

నాకు ఇంకో మాట తోస్తోంది పిన్నీ. ఈ తీరం పొడుగునా ఎక్కడో, వాళ్ళ మాస్టారు కూడా నవ్వి ఉంటాడు, క్లాసు కూడా నవ్వి ఉంటుంది. అయినా ఆ పిల్ల మార్చి నెలలో, అంత పెద్ద పరీక్షలో, ఆ మాటే రాసింది. అర్థం చెప్పే రెండో వాక్యం నేర్పడానికి ఆ పిల్లకి పిన్ని లేదు. ఉన్న ఒక్క వాక్యంతోనే నిలబడింది. నాకన్నా ధైర్యస్తురాలు. తన కోసం ముక్కూ మొహం తెలియని టీచరు ఒకావిడ మెమో తిన్నదని ఆ పిల్లకి ఎప్పటికీ తెలియదు. పాసయ్యాననుకుని మా నాన్న వేటకెళ్తాడని ఇంకా అందరికీ చెబుతూ ఉంటుంది. చెప్పనీ.

జూన్‌లో కాకినాడలో చేరుతున్నాను. బుట్ట అమ్మ దగ్గరే ఉంది. సెలవలకి వచ్చినప్పుడు ఎత్తుకుంటాను, గెలిచే ఎత్తుకుంటాను.

ఎండు రొయ్యలు అప్పాజీ గారి చేత పార్సిల్ చేయించాను. ఈసారి నేనే పంపుతున్నాను. ఇకనుంచి నీకు ఇంగ్లీషులోనే రాస్తాను, నా రాత నీకు తెలియాలి. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపు. ఒక్క మాట మాత్రం ముట్టుకోకు.

ఇట్లు,
వేటకెళ్ళే వీరబాబు గారి కూతురు,
సాయిదుర్గ